బైబిలు వెనక పుటల్లో ఆఖరి మాటలు

గొప్పవాళ్ళు పోతూ పోతూ ఏమన్నారో మా తాతయ్యకు కంఠతా వచ్చు. పేపర్లో అలాంటిది కనపడితే కత్తిరించి దాచుకునేవారు. కైకలూరు అవతల, కొల్లేటి ఒడ్డున ఉన్న మా ఊరి సంఘానికి ఆయనే పెద్ద. గుడిలోని పెద్ద బైబిలు వెనక ఖాళీ పుటల్లో, కన్నుమూసిన మా ఊరి పెద్దల ఆఖరి మాటలు ఆయనే రాసేవారు. ఏటా కోత పండగ ఆరాధనలో వాటిని పేరుపేరునా చదివేవారు.

చిన్నప్పుడు జ్వరమొచ్చి నా కాళ్ళు బలహీనపడ్డాయి. బడి చూస్తే నీళ్ళకు అవతల. అందుకని తాతయ్యే ఇంట్లో నాకు అక్షరాలు దిద్దించారు. నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాటలు ఆ పుటల్లోవే. ఆ మేలుకు ఇప్పటికీ ప్రార్థనలో వందనాలు చెప్పుకుంటాను. అక్కడ రాసున్నట్టే మా ఊళ్ళో అందరూ బైబిలు వాక్యం పలుకుతూనే పోతారని చాలాకాలం నమ్మాను కూడా.

ఆ నమ్మకం పోగొట్టింది పక్కింటి మామ్మ. ఆమె భర్త దోనె మీద ఊరందరినీ రేవు దాటించిన మనిషి. ఆయన పేరు కింద చక్కటి వాక్యం ఉంది. పండగలో తాతయ్య అది చదివిన ప్రతిసారీ మామ్మ తల వంచుకునేది. ఒకరోజు ఎండుచేపలు తిరగేస్తూ నాతో అంది:

"ఆయన వాక్యం ఎక్కడ చెప్పారమ్మా? 'దోనె కట్టావా, గాలి లేచేలా ఉంది' అన్నారు. నేను బదులు చెప్పేలోగానే పోయారు. ఆ మాట ఒక్కసారి గుళ్ళో వినాలనుంది."

తాతయ్యతో చెప్పాను. దేవుని మందిరంలో దోనెల గురించి చదువుతామా అని కొట్టిపారేశారు.

కిందటేడు తాతయ్యకు గుండెల్లో నొప్పి వస్తే ఏలూరు ఆస్పత్రిలో చేర్చాం. ఆయన నన్ను దగ్గరకు పిలిచి, కాగితం తియ్యమని సైగ చేశారు. ఎప్పటినుంచి సిద్ధం చేసుకున్నారో, "నా దీపంలో నూనె అయిపోయింది, అవతల తెల్లవారింది" అని తడబడకుండా చెప్పి కళ్ళు మూసుకున్నారు. నేను ఏడుస్తూనే రాసుకున్నాను. కాసేపటికి ఒక కన్ను తెరిచి, పక్క మంచం ఆయన తింటున్న ఇడ్లీ ఏ హోటలుదో కనుక్కోమన్నారు. ఏడుపులోనే నవ్వొచ్చేసింది, నర్సమ్మ కోప్పడింది. అది గ్యాసు నొప్పని డాక్టరుగారు తేల్చారు. దేవుడికి స్తోత్రం.

తిరుగు బస్సెక్కాం. కైకలూరు దగ్గరపడ్డాక తాతయ్య మెల్లగా అడిగారు.

"నేను నిజంగానే పోయుంటే ఏది రాసేదానివే?"

"ఇడ్లీయే రాసేదాన్ని తాతయ్యా. లేని మాట రాయడం మీరు నాకు నేర్పలేదుగా."

 మర్నాడు పొద్దున్నే తాతయ్య గుడిలోని పెద్ద బైబిలు చంకన పెట్టుకుని మామ్మ ఇంటికి వెళ్ళారు.

ఆ ఏడు కోత పండగకి గుడి నిండిపోయింది. తాతయ్య కళ్ళద్దాలు సర్దుకుని, మామ్మ భర్త పేరు, దాని కింద కొత్తగా రాసిన మాట చదివారు. "దోనె కట్టావా, గాలి లేచేలా ఉంది."

 ఆడవాళ్ళ చాపల మీద నుంచి, నా పక్కనే, మామ్మ తల పైకెత్తి జవాబిచ్చింది.

"కట్టానండీ. గట్టిగానే కట్టాను."

గుడంతా నవ్వింది. అందరికన్నా ముందు నవ్వింది మామ్మే.