ఎర్ర నూనె ఫిల్టరూ, అలిపిరి పందెమూ

కాగితాన్ని ఉతకలేం. ఇంత చిన్న మాట మా ఆయన బుర్రకెక్కించడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఎక్కించానని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

మేం తిరుపతిలో కాపురం ఉంటూ సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న తెల్ల కారు కొనుక్కున్న రోజులవి. ఆయన ఉద్యోగం రేణిగుంటలో, ఒక బ్యాంకులో. నేను అదే దారిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. అప్పుడే ఆ రోడ్డును వెడల్పు చేస్తున్నారు. పొద్దున తెల్లగా పెట్టుకున్న మల్లెపూలు కాలేజీ గేటు దగ్గరికి వచ్చేసరికి కనకాంబరాలయ్యేవి. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. కారుకి కొంగు లేదు కాబట్టి దానికి ఎయిర్ ఫిల్టర్ ఉంటుంది. బానెట్ ఎత్తితే ఒక నల్లపెట్టె, అందులో బడిపిల్లల పలకంత చట్రం, చట్రం నిండా చీర కుచ్చిళ్ళలా మడతలు పెట్టిన కాగితం. ఇంజను పీల్చే గాలంతా అందులోంచే పోవాలి. మాసిపోతే తీసి పారేసి కొత్తది పెట్టమని కారుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది.

మా ఆయన ఆ పుస్తకాన్ని వేదంలా చదివేవాడు, ‘పారేయండి’ అన్న ఒక్క ముక్క తప్ప. ప్రతి ఆదివారం ఆ కాగితం ఫిల్టర్ని బయటికి తీసి కాంపౌండు గోడకేసి టపటపా కొట్టేవాడు. రెండు బుగ్గలూ పూరించి ఊదేవాడు. ఆ దుమ్మంతా నేను అప్పుడే కళ్ళాపి చల్లిన వాకిట్లో పడేది. తర్వాత దాన్ని ఎండకెత్తి చూసి, ఇంకో నెలకి ఢోకా లేదని మళ్ళీ పెట్టేసేవాడు. పారేయాల్సినదాన్ని పారేయకుండా వాడే మనిషి, పారేయక్కర్లేని ఫిల్టర్ ఒకటుందని నేను చెబితే మాత్రం ససేమిరా అన్నాడు.

అది నేను మద్రాసులో చూశాను. చుట్టాల పెళ్ళికి చీరలకని వెళ్ళి, ఆటో స్పేర్ పార్టుల వీధిలోంచి పోతూ ఒక అంగట్లో దూరాను. రెండు తీగ జల్లెడల మధ్య నూలు గుడ్డ, చుట్టూ రబ్బరు అంచు, పైన ఎర్రటి నూనె. మాసినప్పుడు సబ్బునీళ్ళలో కడిగి, నీడన ఆరబెట్టి, మళ్ళీ నూనె పట్టిస్తే ఏళ్ళ తరబడి పనిచేస్తుందన్నాడు అంగడాయన. చీరల కన్నా ముందు అదే కొన్నాను.

“నూనె పూసిన గుడ్డలో గాలి యాడ దూరతాదిమే?” అన్నాడు మా ఆయన, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని.

గాలి దూరుతుంది, దుమ్ము నూనెకు అంటుకుంటుంది, కావాలంటే మన వంటింటి కిటికీ జల్లెడ చూడండి, తాలింపు జిడ్డుకి దుమ్మెట్లా పట్టిందో అన్నాను.

“అయితే మన ఇంజను గూడా వంటిల్లు మాదిరే జిడ్డోడతాదన్నమాట.”

ఆ మాటకి మూడు రోజులు మా ఇంట్లో తాలింపు లేదు. చివరికి పందెం దాకా వచ్చింది.

పందెం ఎందుకొచ్చిందో చెప్పాలంటే కొండ గురించి చెప్పాలి. తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకి చుట్టాలకి కొదవుండదు. నెలకి రెండుసార్లైనా కారు నిండా జనాన్ని వేసుకుని తిరుమల ఎక్కాల్సిందే. రేణిగుంట దాకా నేనూ నడిపేదాన్ని. నాకు లైసెన్సు ఉంది. కానీ కొండ మొదట్లో అలిపిరి వచ్చేసరికి మా ఆయన దిగి, ఇటువైపు వచ్చి నిలబడేవాడు. కొండ దారిలో ఆడవాళ్ళెవరైనా నడుపుతారా అని అనేవాడు కాదు, అన్నట్టు చూసేవాడు. నడిపేదా, థర్డు గేరులో. ఇంజను కోళ్ళగంపలా కొట్టుకుంటున్నా సెకండు వేయడు. “సెకండెయ్యండి” అని నేను ప్రతి మలుపులోనూ చెప్పేదాన్ని. వెనక సీటు చుట్టాలకి గోవిందనామాలతో పాటు అది కూడా కంఠతా వచ్చేసింది.

అందుకని ఒప్పందం ఇలా కుదిరింది. ఎర్ర నూనె ఫిల్టర్ పెడతాం. వచ్చే సర్వీసింగ్‌లో మెకానిక్ ఆ పెట్టె విప్పినప్పుడు ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోకుండా ఉంటే, కొండ మీదికి స్టీరింగు నాది. పోయి ఉంటే, అలిపిరి నుంచి పైదాకా నేను నోరు విప్పకూడదు. నాకు కావాల్సింది స్టీరింగు, ఆయనకు కావాల్సింది నిశ్శబ్దం. ఫిల్టర్ మీద ఆయన చెయ్యి వేయకూడదనీ, కడగడం ఆరబెట్టడం అన్నీ నేనే చేసుకోవాలనీ కూడా షరతు పెట్టుకున్నాం.

మొదటిసారి కడిగిన రోజే ముంచుకొచ్చారు చుట్టాలు. పాకాల దగ్గర పల్లె నుంచి, నన్ను ‘పాపా’ అని పిలిచే మా అత్తగారు, ఆమె వెంట ఆమె తమ్ముడి సంసారం. మర్నాడు తెల్లవారకముందే కొండెక్కాలి. ఫిల్టర్ మిద్దె మీద నీడలో ఇంకా తడిగానే ఉంది. తడిగుడ్డకి నూనె పట్టదు. ఒక్కరోజుకి ఏమవుతుందిలే అని ఖాళీ పెట్టెకే మూతేసి క్లిప్పులు బిగించాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. రెండు రోజుల తర్వాత అందరినీ బస్సెక్కించి వచ్చి మిద్దె మీద చూస్తే ఫిల్టర్ లేదు.

అప్పుడు నేను చేసిన తప్పు మూర్ఖులు చేసేది కాదు, వాదనలో గెలవడం మరిగినవాళ్ళు చేసేది. మా ఆయనే మనసు మార్చుకుని, గుట్టుచప్పుడు కాకుండా నూనె పట్టించి పెట్టేసి ఉంటాడనుకున్నాను. అంటే లొంగిపోయాడన్నమాట. అడిగితే ఏమంటాడు, “అడ్డంగా పడుండాదని పెట్టినాలే” అని నా గెలుపుని చింతపిక్కంత చేసేస్తాడు. అందుకే అడగలేదు. ఆయనేమో షరతు ప్రకారం ఆ పెట్టె వైపే చూడలేదు.

ఆ తర్వాత మూడు నెలలు మా కారు గుర్రంలా పోయింది. ఆ మాట నేను స్టాఫ్ రూములో చెప్పాను, పక్కింట్లో చెప్పాను, పాలు పోసే ఆమెకి కూడా చెప్పాను. కాగితం తీసేశాక బండి ఊపిరి పీల్చుకుంటోందని, నూనెలో ఉన్న మహిమే అదని. రోజూ పక్క సీట్లో కూర్చుని మా ఆయనకి చెప్పడం సరేసరి. ఆయనకీ ఆ ఊపు తెలుస్తూనే ఉంది, పళ్ళు కొరుక్కునేవాడు.

సర్వీసింగ్ రోజున ఇద్దరం వెళ్ళాం. మెకానిక్ మాకు పాతికేళ్ళ నుంచీ తెలిసినవాడిలా మాట్లాడే మనిషి. బానెట్ ఎత్తి, క్లిప్పులు ఊడదీసి, మూత తీసి, నా వైపు తిరిగాడు.

“అక్కా, ఫిల్టర్ యాడ?”

తొంగి చూశాను. పెట్టెలో జల్లించిన పిండిలా సన్నటి ఎర్రదుమ్ము. ఒక మూల ఎండిన చింతాకు. ఇంకేమీ లేదు. మెకానిక్ వేలితో గొట్టంలోపల తుడిచి చూపించాడు. వేలు కుంకుమలో ముంచినట్టు వచ్చింది. ఇంకొన్నాళ్ళు ఇట్లాగే తిప్పుంటే ఇంజన్లో రింగులు అరిగిపోయేవని, దేవుడి పక్కన ఉన్నారు కాబట్టి బతికిపోయారని చెప్పాడు.

“మీరే కదా పెట్టారు” అన్నాను మా ఆయనతో.

“నేను యాడ ముట్టుకున్నాను? ముట్టుకోవద్దని నువ్వే కదమే సెప్పింది.”

నేను ఓడిపోలేదని చాలాసేపు వాదించాను. లేని ఫిల్టర్ దుమ్ముని ఎలా ఆపుతుంది, ఇది ఫిల్టర్ తప్పెలా అవుతుంది అని. మెకానిక్ కూడా నా వైపు తలూపాడు. మా ఆయన నిదానంగా అన్ని మాటలూ విని, ఒక్కటే అడిగాడు.

“మూడు నెల్లుగా బండి గుర్రం మాదిరి పోతాండాదని సెప్పింది ఎవురు?”

నా నోరే నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. కొత్త కాగితం ఫిల్టర్ పెట్టించుకుని ఇంటికొచ్చాం. ఇల్లంతా వెతికాను, అటకా మంచం కిందా కూడా. ఎర్ర నూనె ఫిల్టర్ మాత్రం కనబడలేదు.

పందెం తీర్చుకునే రోజు త్వరలోనే వచ్చింది. మా అత్తగారు శనివారం మొక్కుందని పల్లె నుంచి దిగారు, చేతిలో పెద్ద గుడ్డసంచితో. అలిపిరిలో చెకింగ్ దాటగానే మా ఆయన నా వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో అంత సంతోషంగా కనిపించిన రోజు ఇంకోటి లేదు.

నేను నోరు మూసుకున్నాను. రెండో మలుపులోనే ఇంజను టకటకమంది. కిటికీలోంచి అడవి చూశాను. వెనక మా అత్తగారు సంచి విప్పుతున్న చప్పుడైంది. పెరుగు ఒలికిందేమో చూసుకుంటున్నారు. వెనక్కి తిరిగాను. ఆమె ఒళ్ళో స్టీలు గిన్నె. గిన్నె మీద మూత బదులు, రబ్బరు అంచుతో, నూలు మడతలతో, నూనె పట్టించక మల్లెపువ్వులా తెల్లగా మెరుస్తూ నా ఫిల్టర్.

నా నోరు తెరుచుకుంది. మా ఆయన స్టీరింగు మీంచి వేలెత్తాడు. మళ్ళీ మూసుకున్నాను. మూడు నెలల మిస్టరీ నా వెనక సీట్లో పెరుగు మీద కూర్చుని ఉంది, చెప్పడానికి నాకు నోరు లేదు. అలాంటి శిక్ష పగవాళ్ళకి కూడా వద్దు.

పై మలుపుల దగ్గర కారు రొప్పడం మొదలుపెట్టింది. వెనకాల బస్సువాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. మా ఆయన థర్డులోనే ఉన్నాడు. నేను అద్దంలోకి చూస్తూ దవడలు బిగించుకున్నాను. అప్పుడు వెనక సీట్లోంచి మా అత్తగారు, గిన్నె మీంచి చూపు తిప్పకుండానే, అన్నారు.

“సెకండెయ్యబ్బయ్యా. పాప ఎప్పుడూ సెప్తాది కదా.”

ఆయన సెకండు వేశాడు. కారు మేకపిల్లలా ఎక్కేసింది. నేను ఒక్క మాట అనలేదు.

పైన కారు ఆగీ ఆగకముందే వెనక డోరు తీసి అడిగాను, అది మీకెక్కడిది అత్తా అని. మిద్దె మీద గుడ్డలు ఆరేయడానికి పోతే పడి ఉందట, పాత కారు సామాను, పారేశారేమో అనుకుని తీసుకెళ్ళారట.

“మంచిది పాపా ఇది. గాలాడతాది, ఈగ దూరదు. కడిగితే మళ్ళా కొత్తదే.”

మా ఆయన్ని పిలిచి ఆ మాట మళ్ళీ చెప్పించాను, రెండుసార్లు. ఏడాది నేను వాదించినదంతా ఆ మూడు ముక్కల్లో ఉంది. ఇంజనుకి పెట్టుకుంటాం, ఇవ్వండి అంటే మాత్రం ఆమె ఇవ్వలేదు. మీకు కాయితం ఉండాది కదా అన్నారు.

తిరిగి వెళ్ళేటప్పుడు మా ఆయన మళ్ళీ పెదాల మీద వేలు పెట్టుకోబోయాడు. తిరుమలకి ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. పందెం ఎక్కే దారికే. కింది అలిపిరి కనిపించేదాకా, ఒక్క మలుపు కూడా వదలకుండా, మాట్లాడుతూనే ఉన్నాను.