ఆ గడిలో నా నంబరు

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. మార్కుల మెసేజీలు పదిహేడు. ‘మీ అమ్మాయి ఈరోజు బడికి రాలేదు’ అనే మెసేజీలు తొమ్మిది. లెక్కల్లో యాభైకి నలభై ఎనిమిది తెచ్చుకునే ఒక పిల్ల పట్టుదల. ఆమె తల్లి అడగవలసిన ఒక్క మాట. ఏళ్ల తరబడి ఈ బరువు మోస్తున్నాను. మీకే మొదట చెబుతున్నాను.

పటమటలో ఒక హైస్కూలు ఆఫీసులో పనిచేస్తాను. పెద్దగా చదువుకోలేదు. ఉయ్యూరులో బట్టల కొట్లో పద్దులు రాస్తూ లెక్కలు, పక్కవాళ్లను చూసి కంప్యూటరు నేర్చుకున్నాను. నా ఎంట్రీలో తప్పుండదని పేరు. ఆ పేరే ముంచింది.

ఆ ఏడాది ప్రోగ్రెస్ కార్డులు మానేసి మార్కులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టారు. మార్కులు ఎక్కించగానే ఇంటికి మెసేజీ. తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె ఫారంలో తల్లి నంబరుకు తొమ్మిది అంకెలే ఉన్నాయి. ఆ గడి నింపితేగాని పేజీ సేవ్ కాదు. సాయంత్రమే గడువు. నా నంబరు కొట్టాను. మర్నాడు పిల్లని అడిగి మార్చాలి, అంతే. నిమిషం పని. ఎందుకు అడగలేదు? మరిచిపోయానని చెప్పుకోవచ్చు. కానీ మొదటి మెసేజీ నా చొక్కా జేబులోనే మోగింది కదా! అప్పటికి పేజీకి తాళం పడింది; మార్చాలంటే హెడ్మాస్టరు గారి లాగిన్ కావాలి, కారణం చెప్పాలి, తప్పు నాదని తెలుస్తుంది. ఊరుకున్నాను.

ఒకరోజు బస్‌పాస్ కాగితాల కోసం ముగ్గురు పిల్లలు నా బల్ల దగ్గరికి వచ్చారు. వాళ్లలో ఆ పిల్ల ఒకతె.

“మేం ఆటో దిగేలోపే మార్కులు ఇంటికెళ్లి కూర్చుంటన్నాయి సార్. కాస్త నెట్ ఆపండి,” అన్నాడొకడు.

“నీవి సున్నాలేగా, బరువుండవు. తొందరగానే వెళ్తాయిలే,” అన్నాడు రెండోవాడు.

ఆ పిల్ల నవ్వలేదు. “మీ ఇళ్లల్లో తిట్టడానికైనా చూస్తారు,” అంది. నా వైపు తిరిగి, “మా అమ్మకి వెళ్తన్నాయా సార్?” అని అడిగింది.

“సిస్టం అందరికీ పంపుద్దమ్మా.”

“అయితే చూసే ఊరుకుంటంది.”

“నువ్వే చెప్పొచ్చుగా?”

“నేను చెప్పను సార్. తనే చూసి అడగాలి.”

ఆమె నలభై ఎనిమిది మార్కుల మెసేజీ అప్పుడు నా జేబులో ఉంది. జేబు మీద చెయ్యి కూడా వేసుకున్నాను. తీసి చూపిస్తే ఏమయ్యేది? నాలుగు మాటలు పడేవాణ్ణి. ఆ నాలుగు మాటలకు భయపడి, కూతురి మీద ప్రాణం పెట్టుకున్న తల్లిని ఆ పిల్ల కళ్లలో పట్టించుకోని మనిషిని చేశాను.

తర్వాతి పరీక్షలో ముప్ఫై ఒకటి. ఆపైన ఇరవై రెండు. తర్వాత రాని రోజులు. అన్నీ నాకే తెలిశాయి. పదో తరగతి అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఇంటర్లో లెక్కలు తీసుకోలేదు.

మరుసటి ఏడాది మా ఆవిడకు చీర కొనబోతే, కొట్లో చీరలు చూపించే మనిషి ఆ తల్లే. పిల్లను బళ్లో చేర్చిన రోజు ఆఫీసులో చూసిందే, గుర్తుపట్టి కుర్చీ వేసింది. స్కూలు నుంచి ఒక్క మెసేజీ రాలేదని, చెప్పుకోదగ్గ మార్కులు లేవేమో, అడిగితే పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమో అని తాను ఆ మాట ఎత్తలేదని చెప్పింది. చీరలు మడత పెడుతూ మామూలుగా చెప్పింది. నేను డబ్బు కట్టి వచ్చేశాను.

ఫోను రెండుసార్లు మార్చాను. ఆ మెసేజీలు చెరపలేదు. ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతమాత్రాన లెక్క తీరదు. ఆ తల్లికి నేను అందించవలసినవి ఇరవై ఆరు. ఈ రోజుకీ ఇరవై ఆరే.