సైదా మేస్త్రి మూసేసిన కన్నాలు

రిటైరవడానికి రెండేళ్ల ముందు నేను సత్తెనపల్లి సబ్‌డివిజన్‌లో డిప్యూటీ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. ఒకరోజు పొద్దున్నే తహసీల్దారు గారి నుంచి కాగితం వచ్చింది. చెరువు వాలులో ఉన్న ఒక ఇంటి గోడ ఉబ్బింది, ఆ ఇంట్లో మనుషులు ఉండొచ్చో లేదో చూసి సాయంత్రంలోగా చెప్పమని. ఉండకూడదని రాస్తే వాళ్లు ఆ రోజే సామాను సర్దుకోవాలి.

ఇల్లు షేక్ సైదా అనే మేస్త్రిది. ఊళ్లో అందరికీ ఇళ్లు కట్టి, చివరికి తనకంటూ కట్టుకున్నది అదొక్కటే. చెరువు వైపు మట్టి జారిపోకుండా రాతితో రిటైనింగ్ వాల్ కూడా తనే కట్టాడు. ఉబ్బింది ఆ గోడే. మా వైపు నేల నల్లరేగడి. ఎండల్లో చెయ్యి పట్టేంత పగుళ్లిస్తుంది, తడిస్తే ఉబ్బి ఎదురున్నదాన్ని నెడుతుంది. పత్తికి బంగారం, గోడకు శత్రువు.

పైన వాకిట్లో నిలబడి చూశాను. గోడ మధ్యలో కడుపులా ముందుకొచ్చి, నిలువునా పగిలింది. ఆ పగులు పైకొచ్చిన చోట, గోడ అంచున అడ్డంగా సన్నటి గాజుముక్క అతికించాం. గోడ ఇంకా కదులుతుంటే గాజు విరుగుతుంది, మా పనిలో పాత పద్ధతే. మధ్యాహ్నానికి విరిగింది. నాకింక అనుమానం లేదు. జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని ‘ఖాళీ చేయించవలెను’ అని రాయడం మొదలుపెట్టాను.

సైదా భార్య ఖాసింబీ ఊరుకోలేదు. “పైనుంచి చూసి ఎల్లిపొమ్మంటే ఎట్టాగండీ సారూ? కిందకి దిగి చూశారా?” అంది.

నాకు ఒళ్లు మండింది. ఆమె అడిగినందుకు కాదు, అడిగింది నిజమైనందుకు. కింద మోకాలి లోతు బురద, నావి కొత్త బూట్లు.

బూట్లు విప్పి దిగాను. గోడ అడుగున వరసగా గుండ్రటి సిమెంటు మచ్చలు కనిపించాయి. గోడ వెనక చేరిన నీరు కారిపోవడానికి వదిలే కన్నాలవి, వీప్ హోల్స్ అంటాం. అన్నీ మూసేసి ఉన్నాయి. నీళ్లకు దారి లేక రేగడి ఉబ్బి గోడను నెడుతోంది.

ఎవరు మూశారని అడిగితే సైదా తలొంచుకున్నాడు. “పాములు దూరతన్నాయండీ. రంజాన్‌కి సున్నం వేసేటప్పుడు నేనే మూసేశా. ఊళ్లో ఎవరి గోడకైనా కన్నాలు వదలమని చెప్పేది కూడా నేనేనండీ” అన్నాడు.

ఇంట్లో వాళ్లను రోడ్డు మీదకి పంపేసి కన్నాలు తెరవమన్నాను. గోడ ఉబ్బినచోట ముట్టుకోకుండా, రెండు చివర్ల నుంచీ ఒక్కొక్కటే, పక్కకి నిలబడి తవ్వాలి. మరొకరిని పిలుద్దామంటే సైదా ఒప్పుకోలేదు, గునపం తనే పట్టాడు. మూడో కన్నం తెరిచేసరికి నల్లటి నీళ్లు ధారగా వచ్చి అతని మొహం మీద పడ్డాయి. తుడుచుకోకుండానే నాలుగో దాని దగ్గరికి వెళ్లాడు.

నేను రాసింది కొట్టేసి, తహసీల్దారు గారిని మూడు రోజుల గడువు అడిగాను. అందాకా వాళ్లు పక్కింట్లో ఉన్నారు. పగులు మీద కొత్త గాజుముక్క పెట్టాం. మధ్యలో గట్టి వాన ఒకటి కురిసింది. మూడో రోజు నేను జీపు దిగుతుండగానే ఖాసింబీ గోడ దగ్గర నుంచి “ఇరగలేదండీ!” అని అరిచింది. గుండెల మీంచి కుంపటి దించినట్టయింది. ఆమె ఇచ్చిన టీ రెండు గ్లాసులు తాగాను.

వానలు వెలిశాక సైదా ఉబ్బిన భాగం విప్పి మళ్లీ కట్టాడు. గోడ వెనక రేగడి తీసి కంకర నింపాడు, కన్నాలకు పాములు దూరకుండా జాలీ బిగించాడు. వాలు కోసుకుపోకుండా వట్టివేరు నాటించాను. ఇల్లు అక్కడే ఉంది.

ఆ గోడ దగ్గర పని తెలిసినవాళ్లం ఇద్దరం ఉన్నాం. అతను కన్నాలు మూశాడు, నేను కిందకి దిగలేదు. ఆ తర్వాత నా సర్వీసులో కాళ్లకు బురద అంటకుండా ఏ గోడ మీదా రిపోర్టు రాయలేదు.