ముహూర్తానికి వెలగని తెరలు

మా కాలేజీ రాజోలు నుంచి అమలాపురం వెళ్ళే దారిలో కొబ్బరి తోటల మధ్య ఉంటుంది. పేరుకు డిగ్రీ కాలేజీ, నడిచేది ఇంటి వ్యవహారంలా. కరస్పాండెంటుగారు పెద్ద రైతు. ధాన్యం అమ్మినట్టే చదువూ అమ్ముతారు. తూకంలో ధాన్యమే నయం. ఆయన కూతురు ఎం.సి.ఏ. చదివి ఇంట్లో కూర్చుంది. ఆ అమ్మాయి భర్త ఇల్లరికపు అల్లుడు, కాలేజీలో "సిస్టమ్స్ చూస్తారు". ఏం చూస్తారని అడగకూడదు. నేను కంప్యూటర్ సైన్సు చెబుతాను. మా డిపార్టుమెంటుకు హెడ్డు లేక చాలా ఏళ్ళయింది. హెడ్డు పని నాది, హెడ్డు కుర్చీ ఖాళీ.

"కొత్త ల్యాబు ప్రారంభం కానివ్వండి మేడంగారూ. ఆ రోజు మైకులో ప్రకటించేస్తాను హెడ్డెవరో," అన్నారు కరస్పాండెంటుగారు.

"ఎవరో అంటున్నారు, ఇంకా అనుమానమాండీ?"

"మీ నోటికి అడ్డేముందండీ బాబూ," అని నవ్వి ఊరుకున్నారు.

నేనో, అల్లుడో. మూడో మనిషి ఉందని నాకు తట్టలేదు.

ల్యాబు కోసం హైదరాబాదులో మూతబడిన ఏదో ఆఫీసు నుంచి పాత కంప్యూటర్లు లారీలో దిగాయి. లైసెన్సు కొనక్కర్లేదు కాబట్టి లినక్సు ఎక్కించమన్నారు. అల్లుడుగారు ఎక్కించారు. ఎక్కించినంతసేపూ బాగానే ఉన్నాయి. ఆపి మళ్ళీ వేస్తే కంపెనీ బొమ్మ ఒకటి మెరిసి, ఆ తర్వాత అంతా నలుపు. ఒకదానికి కాదు, అన్నిటికీ.

"మానిటర్లు పోయేయి మావయ్యగారూ, కొత్తవి కొనాలి," అని తేల్చేశాడు. అన్నీ ఒక్క పూటలో పోయాయట, ఊళ్ళో కలరా దిగినట్టు.

మానిటర్లకు ఏ రోగమూ లేదు. యంత్రానికి కరెంటు అందాక పగ్గాలు పట్టుకునే భాగాన్ని కెర్నెల్ అంటారు. అది లేస్తూనే తెరను తన పద్ధతిలోకి మార్చబోతుంది. ఈ పాత యంత్రాల్లో ఆ మార్పు కుదరక తెర చచ్చిపోతోంది. లేవకముందే దానికి "తెర జోలికి పోకు" అని చెప్పాలి. చెప్పడానికి ఒక మాట ఉంది, నోమోడ్‌సెట్ అని. వేయగానే వచ్చే మెనూలో ఇంగ్లీషు ఇ అక్షరం నొక్కి, కెర్నెల్‌ను పిలిచే వరస చివర ఆ మాట చేర్చి పంపిస్తే తెర వెలుగుతుంది.

అయితే అలా చేర్చింది ఆ ఒక్కసారికే. ఆపి వేస్తే కథ మళ్ళీ మొదటికి. ఎప్పటికీ నిలవాలంటే లోపల సెట్టింగుల ఫైల్లో రాయాలి. రాయడానికి అడ్మిన్ పాస్‌వర్డు కావాలి. అది అల్లుడి గుప్పిట్లో ఉంది.

ప్రారంభానికి ముందు రోజు సాయంత్రం ఆయన్ని నిలబెట్టి ఇదంతా చెప్పాను. "ఇప్పుడే కూర్చుని రాసెయ్యండి. నేను పక్కనే ఉంటాను."

"ఇంటికెళ్ళేలోపు రాసేస్తాను లెండి మేడం. రెండు నిమిషాల పని."

"రెండు నిమిషాల పనికి ముహూర్తం ఎందుకండీ?"

"మీరు నాకు నేర్పక్కర్లేదండీ."

పాస్‌వర్డు లేకుండా లోపలికి దూరే పక్కదారి నాకు తెలుసు. కానీ తాళంచెవి మొలలో దోపుకుని తిరిగేవాడుండగా దొడ్డిదారిన దూరే ఖర్మ నాకెందుకు? ఒక్కో యంత్రం దగ్గరకూ వెళ్ళి ఆ మాట కొట్టి, అన్నీ వెలిగించి, మెయిన్ స్విచ్చు మీద "ఆపవద్దు" అని కాగితం అంటించి ఇంటికి వెళ్ళాను.

పొద్దున్నే కరస్పాండెంటుగారి తల్లి వచ్చారు. అందరూ పెద్దమ్మగారు అంటారు. వెలుగుతున్న తెరలు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇయ్యేంటి, ముందే వెలిగిపోతన్నాయి? కాపరం చేసేసేక తాళి కట్టినట్టుంది మీ యవ్వారం. ఆపించరా అబ్బాయీ. ముహూర్తంలోనే వెలగాలి."

"ఆపితే మళ్ళీ వెలగవండీ," అన్నాను.

"శుభమా అని మొదలెడతావుంటే వెలగవంటావేంటమ్మా! నీ నోట్లోంచి మంచి మాటే రాదా?"

కరస్పాండెంటుగారు అల్లుడి వైపు తిరిగారు. "ఏమయ్యా, వెలుగుతాయా?"

"ఆయ్, వెలుగుతాయండి మావయ్యగారూ. నిన్ననే రాసేసేను."

ముఖం చూస్తే తెలిసిపోయింది. రాయలేదు. రాసినవాడు నా కళ్ళలోకి చూసి ఉండేవాడు.

"అయితే ఒక్కదాన్ని ఆపి, వేసి చూపించండి."

"ముహూర్తానికి ముందు ఇంకోసారి వెలిగిస్తారా? చాల్చాల్లే," అని పెద్దమ్మగారు కాగితం మీంచే మెయిన్ దింపించేశారు. కాగితం చిరిగింది.

ఆ తర్వాత యంత్రాలకు పసుపు రాశారు, బొట్లు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. కీబోర్డు మీద కొబ్బరినీళ్ళు చిమ్మితే అదీ మంచిదేనన్నారు. ముఖ్య అతిథిగారు మొదటి యంత్రం మీట నొక్కారు. కంపెనీ బొమ్మ కనపడగానే గదంతా చప్పట్లు. బొమ్మ పోయింది. చప్పట్లు కాసేపు అలాగే నడిచి, అలవాటు మీద నడిచే ఎడ్లలా మెల్లగా ఆగాయి. రెండోది నొక్కారు. మూడోదీ అంతే.

"ఘడియ దాటిపోతోందండీ," అన్నాడు పురోహితుడు.

"మేడంగారూ, కొంచెం చూద్దురూ," అన్నారు కరస్పాండెంటుగారు.

నేను చేతులు కట్టుకున్నాను. "అల్లుడుగారు రాసేనన్నారు కదండీ. రాసినాయన్నే చూడనివ్వండి."

ఆయన కూర్చున్నాడు. ఏవేవో మీటలు నొక్కాడు. ఆపాడు, వేశాడు, వైర్లు ఊడదీసి మళ్ళీ పెట్టాడు. నిన్న సాయంత్రం నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా బుర్రలో మిగల్లేదు. నుదుటి చెమట పసుపు మీద పడి మచ్చలు కట్టింది. ఒక్క అక్షరం, ఒక్క మాట. నా నాలుక చివరే ఉంది. అక్కడే ఉంచుకున్నాను. పొద్దున్న అబద్ధం ఆడేటప్పుడు ఆయనకు లేని తొందర నాకు మాత్రం ఎందుకు?

కరస్పాండెంటుగారు ముఖ్య అతిథి వైపు వంగి, గదంతా వినపడేలా అన్నారు: "అమ్మాయికి పెళ్ళి కుదరాలని మురమళ్ళ వీరేశ్వరస్వామికి కల్యాణం చేయించి మరీ తెచ్చుకున్నానండీ ఈ రత్నాన్ని. మంచం మీదా, కంచం దగ్గరా ఎప్పుడూ ఆగిపోలేదు. పని దగ్గరే ఇలా నల్లబడిపోతాడు."

పిల్లలు నవ్వారు. లెక్చరర్లు నవ్వారు. ముఖ్య అతిథి మర్యాదకు నవ్వారు. నేనూ నవ్వాను. వెనకాల హారతి పళ్ళెం పట్టుకుని అల్లుడి భార్య నిలబడి ఉంది. కర్పూరం దానంతటది కొండెక్కింది.

"ఇంక లే. కుర్చీ మేడంగారికిచ్చి, ఆ అరటిపళ్ళు పంచు."

లేచాడు. నేను కూర్చుని ఇ నొక్కి, మాట చేర్చి పంపాను. తెర వెలిగింది. ఈసారి చప్పట్లు మధ్యలో ఆగలేదు.

"పాస్‌వర్డు చెప్పండి, శాశ్వతంగా రాసేస్తాను," అన్నాను. అరటిపళ్ళ గెల పట్టుకుని ఆయన నా చెవి దగ్గరకు వంగాడు.

"గట్టిగా చెప్పవయ్యా, దేశ రహస్యమా?" అన్నారు మామగారు.

చెప్పాడు. వాళ్ళావిడ పేరు, అంతే. ముందొక అంకె లేదు, వెనకొక గుర్తు లేదు.

"ఇందులోనూ మా సొత్తేనా?" అన్నారు మామగారు. మళ్ళీ నవ్వులు.

వరసగా ఒక్కో యంత్రాన్నీ వెలిగించి ఫైల్లో రాశాను. ఒక్కోదానికీ నిజంగానే రెండు నిమిషాల పని. ఆపి వేయించాను. ఎవరూ ఏమీ కొట్టకుండానే తెరలు వెలిగాయి.

"ఇంక రోజూ ఏమీ చెయ్యక్కర్లేదాండీ?" అన్నారు కరస్పాండెంటుగారు.

"అక్కర్లేదండీ."

"ఇంతేనా?"

"ఇంతే," అన్నాను గర్వంగా. పనిని అంత తేలిక చేసి చూపించిన మనిషిని ఎవరూ రెండోసారి తలచుకోరు. నాకు తెలిసిన పాఠమే, ఎదటివాడి పాట్లు చూసే సంబరంలో మరిచిపోయాను.

భోజనాలకు ముందు ఆయన మైకు అందుకున్నారు. "ఇంట్లో చదువుకున్న ఆడపిల్ల ఉండగా ఎక్కడో వెతకడమెందుకండీ? మా అమ్మాయే హెడ్డు. మేడంగారు పక్కనుండి అన్నీ చూసుకుంటారు. ఆయ్."

"పక్కన కుర్చీ కూడా వేయిస్తారా, నిలబడే చూసుకోమంటారాండీ?" అని కింద నుంచి అడిగాను. హాస్యమనుకుని అందరూ నవ్వారు. ఆ పూట ఆ గదిలో నవ్వు చవకైపోయింది.

సోమవారం ఆ అమ్మాయి ల్యాబులో హెడ్డు కుర్చీలో కూర్చుని నన్ను పిలిపించింది. కొత్త చీర, కళ్ళ కింద నలుపు.

"ఆ రోజు మీరు ముందే ఆ మాట కొట్టేసుంటే మా ఆయన అలా నిలబడాల్సొచ్చేది కాదు కదండీ."

"నిలబెట్టింది మీ నాన్నగారమ్మా. నేను చూసేను. పళ్ళెం పట్టుకుని నువ్వూ చూసేవు."

ఆ అమ్మాయి కీబోర్డు మీద ఎండిన పసుపును గోటితో గీకుతూ కూర్చుంది.

"పాస్‌వర్డు మార్చెయ్యండి," అంది చివరికి.

"ఏం పెట్టమంటావు?"

"ఏదైనా పెట్టండి. నా పేరు మాత్రం వద్దు."

అప్పటికే వాళ్ళాయన టిఫిను క్యారేజీతో గుమ్మంలోకి వచ్చాడు. విన్నాడు. ఆమె తలెత్తి చూసి, మళ్ళీ తెర వైపు తిరిగింది.

మార్చాను. కొత్తది ఆమె చెవిలో చెప్పాను. గుమ్మంలో క్యారేజీ పట్టుకుని నిలబడ్డాయనకు ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు.