గాలి రాని కొలిమి

ఆ రోజుల్లో మా ఊళ్లో ఎవరి మీదైనా అనుమానం రావడానికి కారణం అక్కర్లేదు. దారిన పోయేవాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తే దొర మనిషి. ఒక్కసారి కూడా చూడకపోతే మరీ దొర మనిషి. రజాకార్లు తొర్రూరు దాకా వచ్చిపోతున్నారు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు ఏ చేలో ఉంటారో, ఏ ఇంట్లో అన్నం తింటారో తెలియదు. మధ్యలో మేమంతా ఒకరి ముఖంలోకి ఒకరం తొంగి చూసుకుంటూ బతుకుతున్నాం. నేనూ తక్కువ తినలేదు. బావి దగ్గర ఒకామె రోజూ నాకంటే ముందే వచ్చి నీళ్లు చేదుతుంటే, నా కోసమే కాపు కాస్తోందని నెల రోజులు నమ్మాను. పాపం, ఆమెకు ఇంట్లో నిద్ర పట్టేది కాదట.

మాది కమ్మరి ఇల్లు. పెళ్లయి ఏడాది తిరక్కముందే మా ఆయన దళంలో కలిసి కొత్తగూడ అడవుల వైపు వెళ్లిపోయాడు. అప్పటినుంచి తిత్తి లాగే పని నా మీద పడింది. కొలిమికి గాలి ఊదేది తిత్తే. పైన ఒక చెక్క, కింద ఒక చెక్క, మధ్యలో మడతలు మడతలుగా తోలు. గొలుసు పట్టి లాగితే గాలి గొట్టంలోంచి నిప్పు మీదికి పోతుంది. నేను గాలి ఊదేదాన్ని, మామ ఇనుము కొట్టేవారు. పైకి నాగటి కర్రులు, కొడవళ్లు. వాటి చాటున ఊరి కాపలా వాళ్లకు బరిసె మొనలు.

ఒకరోజు పొద్దున ఎంత లాగినా నిప్పు ఎర్రబడలేదు. నేను తిండి తినలేదేమోనని మామకు మొదటి అనుమానం. తిన్నాను, అదీ రెండుసార్లు. బొగ్గుల్లో ఎవరో నీళ్లు పోశారన్నారు. అటక మీది పొడి బొగ్గులు దించి వేశాం, అవీ మసకమసకగానే ఉన్నాయి. గొట్టంలో ఎవరో మట్టి కూరారన్నారు. సన్నటి చువ్వ పెట్టి పొడిస్తే వేలెడంత చిట్టెం ముక్క వచ్చింది, మేము కాల్చిన ఇనుముదే. అది తీసినా గొట్టం ముందు చెయ్యి పెడితే తగిలింది ముసలమ్మ ఊపిరంత గాలి. లోపలికి గాలి పీల్చుకునే రంధ్రం మీది తోలురెప్ప ఊడిందేమో చూశాం. అది బాగానే ఉంది.

అప్పుడు నాకు తట్టింది. బూడిద జల్లించి తెచ్చి తిత్తి మడతల మీద పలచగా చల్లాను. మామను గొలుసు లాగమని, నేను కింద కూర్చుని చూశాను. గోడ వైపున, అడుగు మడతలో బూడిద బుస్సున లేచింది. మామ చెయ్యి పెట్టి తడిమారు. నిప్పు చూసి చూసి ఆయన కళ్లు ఏనాడో మసకబారాయి, వేళ్లతోనే చూసేవారు. రెండు వేళ్లు పట్టేంత సందు.

"కత్తితోని కోసిండ్రు," అన్నారు.

కత్తి అనగానే పేరు కూడా సిద్ధంగా ఉంది. ఎనిమిది రోజుల కింద తిత్తికి కుట్లు వేసింది మాదిగవాడలోని ముసలాయన. ఆయన చేతిలో తోలు కోసే రంపె ఉంటుంది. ఆయన తమ్ముడి కొడుకు దొర గడీలో గొడ్లు కాస్తాడు. ఇంకేం కావాలి? నేను ఉండబట్టలేక అడ్డం పడ్డాను. ఆయన మా కొలిమి కొట్టంలోకి అడుగే పెట్టడు, పెట్టనివ్వరు. తిత్తి విప్పి వాకిట్లోకి మోసుకెళ్తే అక్కడే కూర్చుని కుట్టిచ్చాడు, మనమే మళ్లీ బిగించుకున్నాం, వారం రోజులు పని చేసింది కదా అన్నాను. సగం లోతు కోసి పెట్టాడు, లాగగా లాగగా తెగింది అన్నారు మామ. అనుమానానికి జవాబు లేని ప్రశ్న ఉండదని అప్పుడే తెలిసింది నాకు.

తిత్తిని విప్పి ఎండలోకి మోసుకొచ్చాను. చిరుగు అంచును కంటికి దగ్గరగా పెట్టుకున్నాను. కత్తి కోత అయితే అంచు నున్నగా ఉండాలి. ఇక్కడ అంచు పొడుగునా చిన్న చిన్న పళ్ల గుర్తులు, జంటలు జంటలుగా. తోలుకు గారెల వాసన.

ఆ వాసన నేను పట్టించిందే. తిత్తి తోలు ఎండి పగలకుండా ఆముదం రాయాలి. తొర్రూరులో దుకాణాలు మూసి ఉన్నాయి, ఇంట్లో ఆముదం అయిపోయింది. గారెలు వేయించాక మూకుట్లో మిగిలిన నూనె అత్త కూరలకని దాచిపెట్టింది. నూనె ఏదైతేనేం అనుకుని, ఆమె చూడకుండా తీసి తోలు నిండా మర్దనా చేశాను. ఆముదం జోలికి ఎలుక పోదు. గారెల నూనె అయితే వదులుతుందా? నూనె గిన్నె ఖాళీ అయినందుకు అత్త రెండు రోజులు పిల్లిని తిట్టింది. నేను పిల్లి పక్షాన ఒక్క మాట మాట్లాడలేదు.

ఇప్పుడూ మాట్లాడలేదు. శుక్రవారం శుక్రవారం పసుపు కుంకుమ పెట్టి మొక్కే తిత్తికి వాడేసిన నూనె రాసిన కోడలని పేరొస్తుంది. నాలుగు తిట్లతో ముసలాయనను వదిలేస్తారులే అనుకున్నాను.

ఆయనను పిలిపించారు. వాకిట్లో కూర్చుని తిత్తిని ఒకసారి తిప్పి చూశాడు. తోలును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తల ఎత్తి నావైపు చూశాడు. మళ్లీ కింద పెట్టేశాడు.

"నేను కొయ్యలే," అన్నాడు. అంతే.

మామ సంఘానికి కబురు పెట్టేశారు. ఎల్లుండి గొడ్లు ఇళ్లకు చేరే వేళకు వస్తామని జవాబు వచ్చింది. వచ్చి అడవికి తీసుకుపోయి అడుగుతారు. అలా అడగడానికి తీసుకుపోయిన వాళ్లలో తిరిగి వచ్చినవాళ్లు మా చుట్టుపక్కల పల్లెల్లో ఇద్దరో ముగ్గురో. అది నాకూ తెలుసు. అయినా నోరు పెగల్లేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు ఆయన ప్రాణం పోతుందన్న భయం కంటే మా అత్త నోటి భయమే ఎక్కువ.

ముసలాయన పారిపోలేదు. ఆ రెండు రోజులూ మా ఇంటికి ఎదురుగా ఉన్న బండ మీద కూర్చుని పాత చెప్పులు కుట్టుకున్నాడు. మన ఇంటి మీద నిఘా వేశాడన్నారు మామ. ఆయన తల ఎత్తినప్పుడల్లా చూసేది నన్నే. నా గుట్టు ఎక్కడ బయటపెడతాడోనని నాకూ అనుమానమే, తలుపు ఓరగా వేసి నేనూ ఆయన మీద నిఘా వేశాను.

అన్న ప్రకారం ఇద్దరు వచ్చారు. పెద్దగా మాట్లాడలేదు, జర మాతోని నడువుమన్నారు. ఆయన చెప్పుల సంచి బండ మీదే వదిలి లేచాడు. అప్పుడు ఆయన భార్య వాడ వైపు నుంచి గబగబా వచ్చి, ఆయన చేతిలో ఒక మూట పెట్టింది. సద్దిమూట. దారిలో ఆకలవుతుందని, తిని తిరిగి వస్తాడని. దాన్ని చూశాక ఇక తట్టుకోలేకపోయాను.

"ఆయన కొయ్యలే. ఎలుక కొరికింది," అన్నాను. "గారెల నూనె రాసింది నేనే."

అందరికంటే ముందు అత్తే మాట్లాడింది. "ఆ నూనె నువ్వే తీసినవా?" అని అడిగింది. మనిషి చావు ముందు నిలబడి ఉండగా నూనె లెక్క అడిగిందని ఆమె పోయేదాకా కోపం పెట్టుకున్నాను. అదే నూనె కోసం నేను రెండు రోజులు నోరు మూసుకున్నానన్నది మాత్రం సౌకర్యంగా మరిచిపోయేదాన్ని.

వచ్చినవాళ్లలో ఒకతను తిత్తి అంచును వాలుపొద్దు ఎండకు పెట్టి చూశాడు, ఇంకొకతను వాసన చూశాడు. మా మామ చెయ్యి పట్టుకుని ఆ పళ్ల గుర్తుల మీద నెమ్మదిగా నడిపించారు. వాళ్లు వచ్చిన దారినే వెళ్లిపోయారు.

పొద్దుగూకుతుండగానే ముసలాయన వాకిట్లో కూర్చుని మాసిక వేశాడు. పక్కన దీపం పట్టుకునే నెపంతో కూర్చుని, తెలిసీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఎలుక అని నేనంటే ఎవలు నమ్ముతరు బిడ్డా? గది నీ నోట్లకెల్లి రావాలె," అన్నాడు. దారం పళ్లతో తెంపి, "గందుకే రెండు దినాలు నీ మొఖమే చూసుకుంట కూసున్న," అన్నాడు.

ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయన నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. మాసిక గట్టిగా లాగి చూసి, తిత్తిని నా ముందుకు జరిపాడు.

నేనూ మామా దాన్ని కొట్టంలోకి మోసుకెళ్లి బిగించాం. ఆయనను లోపలికి రమ్మని ఆ రోజు కూడా ఎవరూ అనలేదు. గొలుసు పట్టి లాగాను. నిప్పు ఒక్కసారిగా ఎర్రబడింది.

"గాలి వస్తున్నదా బిడ్డా?" గడప అవతలి నుంచి అడిగాడు.

"వస్తున్నది తాతా," అన్నాను.