ఎండకు తొమ్మిది మార్కులు

ఆ రోజుల్లో మనిషి సంతోషాన్ని కొలవడం జ్వరం చూసినంత సులువని నమ్మేదాన్ని. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నానని ఇంట్లో చెప్పి (పుస్తకాలైతే కొన్నాను), వాతావరణ మార్పు ఏ ప్రాంతంలో మనుషుల బతుకును ఎలా మారుస్తోందో చూసే సర్వేలో తాత్కాలికంగా చేరాను. మిట్టమధ్యాహ్నం గల్లీల్లో తిరిగి ఎండ ఎంతుందో కొలవాలి, "ఇప్పుడు మీరెంత సంతోషంగా ఉన్నారు, పదికి ఎన్ని మార్కులేస్తారు?" అని అడగాలి. ఇక్కడ బాగా చేస్తే మహబూబ్‌నగర్ పల్లెలకు పంపుతారు, లేదంటే ఇంటికే. ఆ పల్లెలు చూడాలని నాకు మహా ఆశ.

తీరా చూస్తే నా లెక్కలు తలకిందులయ్యాయి. నారాయణగూడలో ఎండ పెరిగేకొద్దీ మార్కులు బుద్ధిగా తగ్గాయి. చిక్కడపల్లిలోని ఒక గల్లీలో మాత్రం ఎండ మండేకొద్దీ పెరిగాయి. మా పై అధికారి (జేబులో ఎప్పుడూ థర్మామీటరే, అందుకే ఆయన మాకు డిగ్రీల సార్) కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. "ఏందమ్మా ఇది? చెమటలు కారుతుంటే తొమ్మిదేస్తరా ఎవరన్న? హాస్టల్ల కూసొని రాసినవా?" నాకు ఏడుపొచ్చింది. "మీరే వచ్చి చూడండి సార్" అనేశాను. అన్నాక భయమేసింది.

మర్నాడు మేము ఆ గల్లీలో అడుగుపెట్టేసరికి, ఎండ ముదిరినప్పుడల్లా అక్కడ వచ్చే కరెంటు కోత మొదలైంది. తలుపులన్నీ తెరుచుకున్నాయి. గల్లీ మొత్తం ఒక పాత మేడ మెట్ల నీడకు చేరింది. ఒకరు ముంజలు తెచ్చారు, ఒకరు ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలు. అందరూ పెద్దమ్మా అని పిలిచే ఆ ఇంటావిడ పచ్చీసు ఆడే గుడ్డ పట పరిచింది. "జర జరుగుర్రి, సార్ కూసుంటరు." సార్ "డ్యూటీల ఉన్ననమ్మా" అంటూనే గవ్వలు అందుకున్నారు. కాసేపటికి చొక్కా చేతులు పైకి మడిచి, "తొండి చేస్తున్నరు పెద్దమ్మా, గా కాయ నాది" అని పోట్లాడుతున్నారు. ఇంకొక్క కాయ పండితే ఆట ఆయనదే. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. "అరె, అప్పుడే వచ్చిందా" అన్నది ఎవరో కాదు, మా సారే.

జనం లేచి ఫ్యాన్ల కిందికి, టీవీల ముందుకి వెళ్లిపోయారు. "మీ సార్‌ను గూడ అడుగు బిడ్డా, ఎన్ని మార్కులో" అంది పెద్దమ్మ. అడిగాను. సార్ గవ్వలు వదలకుండానే, "ఇందాక తొమ్మిది. ఇప్పుడు ఐదు రాయి" అన్నారు. ఆ తర్వాత సర్వేలో ఒక ప్రశ్న కొత్తగా చేరింది: ఇప్పుడు మీ పక్కన ఎవరున్నారు? నన్ను మహబూబ్‌నగర్ పంపారు. ఆ సంతోషంలో గ్రూప్స్ పుస్తకాలు హాస్టల్లోనే మరిచిపోయాను.

ఇప్పుడు మా ఫ్లాట్లో ఇన్వర్టర్ ఉంది, కరెంటు పోయినా తెలియదు. మొన్న ఎండలో ఎందుకో తలుపు తీసి మెట్ల మీద కూర్చున్నాను. ఎవరూ లేరు. నాకు నేను నాలుగు వేసుకున్నాను. కాసేపటికి ఎదురింటావిడ తొంగి చూసి, "ఏమైందక్కా, తాళంచెవి పోయిందా?" అంది. లేదన్నాను, నవ్వొచ్చింది. కొంచెం జరిగి పక్కన చోటిచ్చాను. ఆవిడ లోపలికి వెళ్లి రెండు గ్లాసుల మజ్జిగతో వచ్చి కూర్చుంది.