యాజులు పంతులుగారి చీనా పద్ధతి

రంగూను ఓడ దిగాక విశాఖపట్నంలో కాలు నిలవక, యలమంచిలి దాకా రైల్లోనూ అక్కణ్ణుంచి ఎడ్లబండిలోనూ పడి నర్సీపట్నం చేరిన శీతకాలం అది. మన్యంలో పితూరీ అణిగి ఎన్నాళ్ళో కాలేదు. ఊళ్ళో పోలీసు గుడారాలు లేచిపోయాయిగాని, వీధిలో బూటుచప్పుడు వినబడితే మాట మధ్యలో ఆపేసే అలవాటు జనాన్ని ఇంకా వదల్లేదు. యాజులు నాకు వరసకి బావ. అతని ఇంటికి వీధివైపు రెండు అరుగులు. ఒకదానిమీద నా చాప, రెండోదానిమీద అతని బడి.

ఆ బడి సంగతి చెప్పాలంటే తెల్లవారుజాము నుంచి మొదలుపెట్టాలి. వీధిబళ్ళలో ఒక పాత ఆచారం ఉంది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో పంతులు ‘శ్రీ’ రాస్తాడు. రెండోవాడికి చుక్క పెడతాడు. మూడోవాడికి బెత్తంతో ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోతాయి. కడపట వచ్చినవాడు ఆ పూట చెయ్యి ఊదుకుంటూ చద్దన్నం తినవలసిందే. అందుకని పిల్లలు కోళ్ళకంటే ముందు లేచి, మంచులో పడి, ఒకరినొకరు తోసుకుంటూ పరిగెత్తుకొస్తారు. వాళ్ళ కష్టం అందరికీ కనిపిస్తుంది. ఆ మొదటివాడు వచ్చేసరికి పంతులు లేచి కూర్చుని ఉండాలి గదా, అది ఎవరూ తలవరు. ముప్పయ్యేళ్ళుగా యాజులు వానైనా, జ్వరమైనా, మొహం కడుక్కుని, తడిపిన సీమసుద్ద చేత్తో పట్టుకుని చీకట్లోనే అరుగెక్కాడు. తండ్రి తద్దినం రోజున కూడా శ్రీ రాసి, చుక్క పెట్టి, ఆ తరవాతే స్నానానికి వెళ్ళాడట. ఈ మాట గొప్పగా చెప్పలేదు. ఎండలో మోసిన బస్తా గురించి కూలివాడు చెప్పినట్టు చెప్పాడు.

నేను వెళ్ళేనాటికి అతనికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. వెలుగూ నీడా తప్ప మరేమీ ఆనదు. ఆ సంగతి అతని భార్య వర్ధనమ్మకి తెలుసు. మంచినీళ్ళ చెంబు అనుకుని నా తలపాగా పట్టుకుని ఎత్తబోయిన రోజున నాకూ తెలిసింది. ఊరికి తెలియదు. తెలియకుండా కాపాడినది బడి కట్టుబాటే. ఎవడి చోటు వాడిదే. జానెడు జరిగితే గోడకుర్చీ. ఎవడి తరవాత ఎవడు అప్పజెప్పాలో ఆ వరస మారితే గుంజీలు. అడక్కుండా నోరు విప్పితే దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడడం; దాన్ని కోదండం అంటారు, అనుభవించినవాళ్ళు అదీ అనరు. ముసలితనంతో పంతులుగారికి చాదస్తం ముదిరిందని ఊరు అనుకుంది. చూపు తగ్గేకొద్దీ యాజులు కట్టుబాట్లు పెంచుతూ వచ్చాడు, అంతే.

విశాఖపట్నం పెద్దాసుపత్రిలో శుక్లాలు తీస్తారని కాంపౌండరు చెప్పాడు. కట్టు కట్టుకుని కదలకుండా పడుకోవాలి. ఆ తరవాత కూడా కొన్నాళ్ళు వంగకూడదు, అరవకూడదు. ఈలోగా అరుగు ఖాళీగా ఉంటే పిల్లలు తాలూకా బోర్డు బడికి పోతారు. అక్కడ బల్లలున్నాయి, పదిగంటలకి గంట కొడతారు, ఆలస్యమైనా చెయ్యి మండదు. పోయినవాళ్ళు తిరిగిరారు. కళ్ళో బడో ఏదో ఒకటి వదులుకోవాలి. యాజులు కళ్ళు వదులుకున్నాడు.

“చూపు లేని పంతులుకి బడెందుకండీ?” అనేది వర్ధనమ్మ, చారు పోపు పెడుతూ.

“బడి లేని పంతులుకి చూపెందుకే? నిన్ను చూస్తూ కూర్చోడానికా?”

“పోనీ ఆ పనైనా చెయ్యండి. కాపరానికి వచ్చినప్పట్నుంచీ తెల్లవారి నా మొహం చూసిన పాపాన పోలేదు. అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి.”

నేనేం చెబుతాను? ఒకచోట ఏడాది నిలవనివాణ్ణి, ముప్పయ్యేళ్ళు ఒకే అరుగుమీద కూర్చున్నవాడికి ఏం చెబుతాను?

ఒక మధ్యాహ్నం పిల్లలు ఇసకలో గుణింతాలు దిద్దుతూంటే యాజులు అడిగాడు. “బావా, రంగూన్లో చీనావాళ్ళకి బళ్ళుంటాయా?”

ఉండకేం? నేను వానాకాలమంతా ఒక చీనాబడికి ఎదురింటి మేడమీద గదిలో కాపరమున్నాను. ఆ గోల వినడం తప్ప వేరే గతి లేదు. వాళ్ళ పిల్లలూ చీకటితోనే వస్తారు. ముందు గోడకున్న వాళ్ళ ఆదిగురువు పేరు రాసిన పలకకి వంగి దండం, తరవాత పంతులుకి దండం, ఆ తరవాత ఎవడి పాఠం వాడు గొంతెత్తి అరవడం. పంతులు తేనీరు తాగుతూ కునికిపాట్లు పడతాడు. గోల ఉన్నంతసేపూ ఆయనకి మెలకువ రాదు. తగ్గిందో, చటుక్కున కళ్ళు తెరిచి వెదురుబద్ద ఎత్తుతాడు. రాసేటప్పుడు కుంచె నిటారుగా పట్టుకోవాలి. వంగితే మణికట్టుమీద దెబ్బ. ఇంటికి వదిలేటప్పుడు ఒక్కొక్కడే వంగి దండం పెట్టి వెళ్ళాలి, దారిలో మాట్లాడకూడదు. ఆ మాటకొస్తే కాశీలో నేను చూసిన వేదపాఠశాలలో చెయ్యి ఎత్తి దించుతారు, రంగూన్లోనే తురకల బడిలో ముందుకీ వెనక్కీ ఊగుతారు. పిల్లవాణ్ణి ఊరికే కూర్చోనిచ్చిన దేశం నాకింకా కనబడలేదు.

“అప్పజెప్పడం ఎలా?” అన్నాడు యాజులు.

“అదే విచిత్రం. పుస్తకం పంతులు బల్లమీద పెట్టి, వాడు పంతులుకి వీపు తిప్పి నిలబడతాడు. అటు గోడకేసి చూస్తూ మొత్తం చెప్పాలి.”

“వీపు తిప్పా?”

“పుస్తకంలోకి తొంగిచూడకుండానట.”

యాజులు పిల్లలు వింటున్నారేమోనని అటు చెవి ఒగ్గాడు. తరవాత గొంతు తగ్గించి, “అయితే పిల్లవాడికి పంతులు మొహం కనబడదన్నమాట,” అన్నాడు. “నిన్న ఎక్కాలు చెబుతూ ఒకడు నవ్వేడు బావా. నేను వాడికేసి కాక పక్కనున్న స్తంభానికేసి చూస్తూ తలాడిస్తున్నానుట.”

మర్నాటినుంచి నర్సీపట్నంలో చీనా పద్ధతి వచ్చింది. పిల్లలకి పండగే. నా అరుగుకేసి తిరిగి నిలబడి, నోటితో ఎక్కాలు చెబుతూ, కళ్ళతో నన్ను వెక్కిరించేవారు. వారం తిరక్కుండా బలిఘట్టం నుంచి గంగులు వచ్చాడు. బండి తోలుకునే మనిషి. యాజులు దగ్గర చిన్నప్పుడు చదివాడు, అంటే చిన్నప్పుడు దెబ్బలు తిన్నాడు. ఇప్పుడు వాడి కొడుకు తింటున్నాడు.

“ఏటండి పంతులుగోరూ, మా గుంటడు ఇంటికాడ కూడా పెడమొగమెట్టి మాటాడతన్నాడు! ఇటు తిరిగి సెప్పరా అంటే, ఇది సీనా అంటన్నాడు. సీనా ఏటండి మనకి?”

“నువ్వు ఎదురుగా నిలబడి చెప్పేవు గదరా గంగులూ, ఏం వచ్చింది నీకు?”

“ఒకటో ఎక్కం వొచ్చినాది బాబూ!”

“అదీ రాలేదురా. నేను వదిలేశాను.”

మార్గశిరంలో కొత్త సూపర్వైజరు వస్తున్నాడని తెలిసింది. సోమసుందరంగారని, తాలూకాలో ఒక్కొక్క బడీ చూస్తూ వస్తున్నాడు. ఆయన బాగుందని రాస్తే సర్కారు గ్రాంటు నిలిచి బడి ఉంటుంది, పంతులు పనికిరాడని రాస్తే ఆ రోజుతో సరి. యాజులు భయపడ్డాడు. కొత్త వాచకం నా చేత చదివించుకుని మొత్తం కంఠతా పట్టాడు. సూపర్వైజరుకి కుర్చీ ఎక్కడ వేయాలో, ఏ పిల్లవాడు ముందు లేవాలో, అన్నీ పన్నాడు. అధికార్లు కాఫీ తాగి పదింటికి వస్తారు. అప్పటికి ఎండ అరుగుమీద పడుతుంది, ఆ వెలుతురుకి మనుషుల నీడలైనా ఆనతాయి. అది అతని లెక్క.

ఆ వేళ మంచు దట్టంగా పట్టింది. నేను నోట్లో వేపపుల్లతో నా అరుగు అంచున కూర్చున్నాను. వర్ధనమ్మ పెరట్లో నూతి దగ్గరుంది. వీధిలో బండి ఆగిన చప్పుడు ఎక్కడో వినబడింది. గొలుగొండ వెళ్ళే బండి అనుకున్నాను. మంచులోంచి ఒక మనిషి వచ్చి బడి అరుగు ముందు నిలబడ్డాడు. మెడకి గళ్ళ మఫ్లరు, పైన కోటు. పంతుళ్ళు ఏ వేళకి బడి తెరుస్తారో చూద్దామని, బంగళాకి పోకుండా తిన్నగా వచ్చాడట. ఆ సంగతి తరవాత చెప్పాడు.

అడుగుల చప్పుడు విని యాజులు సుద్ద ఎత్తాడు. “ఎవర్రా ముందు? చెయ్యి పట్టు.”

నేను పుల్ల ఊసేలోగా ఆ పెద్దమనిషి చెయ్యి చాచాడు. ఎందుకు చాచాడంటే ఏం చెప్పను? కోటు వేసుకున్నా అతనూ ఒకప్పుడు అరుగుబడి పిల్లవాడే. తెల్లవారుజాము చీకట్లో ఆ మాట, ఆ గొంతు వింటే చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. యాజులు వేళ్ళ కొసలు పట్టుకుని, ముప్పయ్యేళ్ళ అలవాటున నెమ్మదిగా శ్రీ రాశాడు. గుడి దీర్ఘం లాగుతూండగా అతని బొటనవేలికి ఉంగరం తగిలింది.

సుద్ద ఆగిపోయింది.

“ఎవరండీ?” అన్నాడు యాజులు.

“సోమసుందరం అంటారండి. బళ్ళ సూపర్వైజర్ని.”

యాజులు ఆ చెయ్యి వదల్లేదు. వదిలితే ఏమవుతుందో తెలియనట్టు పట్టుకునే ఉన్నాడు. ఇంతలో పరిగెత్తుకుంటూ బుజ్జిబాబు వచ్చాడు. రోజూ శ్రీ వాడిదే. సూపర్వైజరు అరచెయ్యి చూసి వాడికి ఏడుపొచ్చింది.

“నాను ముందండి! ఈయనెవులండి? ఈయన మన బడి కాదండి!”

“రెండోవాడివి నువ్వేరా,” అన్నాడు సోమసుందరం. “చుక్క పెట్టించుకో.” మఫ్లరు విప్పి అరుగు కొసన కూర్చున్నాడు. “కానివ్వండి పంతులుగారూ.”

యాజులు కానిచ్చాడు. చుక్క పెట్టాడు, దెబ్బలు కొట్టాడు. ఆ వేళ అన్నీ తేలిగ్గానే పడ్డాయి. ఎక్కాలు చెప్పించాడు. ఒక్కొక్కడే వచ్చి వీపు తిప్పి నిలబడితే సూపర్వైజరు కనుబొమలు ఎగరేశాడు.

“ఇదేమిటండీ?”

“చీనా పద్ధతండి.”

“చీనావాళ్ళా? నర్సీపట్నంలోనా?” అని నాకేసి చూశాడు. నేను నోరు కడుక్కోవడానికి లేచిపోయాను.

పిల్లల్ని చద్దన్నాలకి వదిలాక అసలు మాట వచ్చింది. వర్ధనమ్మ కాఫీ తెచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“పిల్లలు బాగా చెబుతున్నారండి,” అన్నాడు సోమసుందరం. “అది రాస్తాను. కాని చూపు సంగతి రాయక తప్పదు. నేను దాచినా నా పైవాడు వచ్చి చూస్తాడు. ఒక్కటి చెయ్యగలను. పంతులుకి జబ్బుచేసింది, సెలవులో ఉన్నాడు అని రాస్తాను. ఆపరేషను చేయించుకు రండి. వచ్చాక మళ్ళీ చూస్తాను.”

“అప్పటిదాకా పిల్లలు?”

“బోర్డు బడి ఉంది కదండీ.”

“వెళ్ళినవాళ్ళు రారండి.”

సోమసుందరం అరచేతిలో సుద్ద చెరిగిపోకుండా కాఫీగ్లాసు ఎడంచేత్తో పట్టుకున్నాడు. “నేను చదివిన అరుగుబళ్ళో నాకు చుక్క దాకా వచ్చింది గాని శ్రీ ఎప్పుడూ రాలేదండి,” అన్నాడు. ఆ మాట వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

యాజులు బతిమాలతాడనుకున్నాను, వాదిస్తాడనుకున్నాను. కొత్త వాచకం మొదటి పుటనుంచి అప్పజెబుతాడేమోనని కూడా అనుకున్నాను. బెత్తం తీసి పక్కన పెట్టాడు.

“అలిసిపోయేనండీ,” అన్నాడు. “మీరు చెప్పినట్టే రాయండి.”

గుమ్మంలో వర్ధనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆవిడ కోరినదే జరిగింది. అయినా లోపలికి వెళ్ళి చాలాసేపు ఇవతలికి రాలేదు.

యలమంచిలి దాకా గంగులు బండి కట్టాడు. దారి పొడుగునా వాగుతూనే ఉన్నాడు. “కళ్ళొచ్చినాక ముందు నా ఈపు సూడండి పంతులుగోరూ! మీ బరికె అచ్చులు ఇంకా ఉన్నాయి. సదువే లేదు గాని!” యాజులు తాటాకు చాపమీద ఒరిగి, పట్టపగలు, బండి అన్ని గతుకుల్లోనూ పడుతూ లేస్తూంటే, యలమంచిలి వచ్చేదాకా నిద్రపోయాడు.

ఒక కన్ను వచ్చింది. రెండోది రాలేదు. సీసా అడుగంత మందపు అద్దంతో తిరిగొచ్చేసరికి పిల్లలందరూ బోర్డు బడి బల్లలమీద ఉన్నారు. మాటిచ్చినట్టే సోమసుందరం మళ్ళీ వచ్చాడు. అరుగుమీద చూడడానికి ఏమీ లేకపోయింది. ఇద్దరూ కాఫీ తాగారు, అతను వెళ్ళిపోయాడు. వాళ్ళూ వీళ్ళూ పంపే ధాన్యంతో ఇల్లు ఎలాగో జరిగేది. అక్షరాభ్యాసాలకి మాత్రం ఊరు ఇంకా యాజులునే పిలిచేది.

నేను నర్సీపట్నం వదిలిన రోజు పొద్దున్న గంగులు వచ్చాడు. కడగొట్టు కొడుకుని భుజంమీద ఎక్కించుకున్నాడు. కొత్త పలక, పళ్ళెంలో బియ్యం, బెల్లం తెచ్చాడు. తూర్పు అప్పుడే ఎర్రబడుతోంది.

“అమ్మగోరూ, పంతులుగోరు లెగలేదేటి?”

“లేవలేదు,” అంది వర్ధనమ్మ, వాకిట్లో పేడనీళ్ళు చల్లుతూ.

“బేగి లేపండమ్మా. అచ్చరాలు దిద్దించాల.”

“నేను లేపను. ఎండెక్కాక లేస్తారు. కూర్చో.”

గంగులు కుర్రాణ్ణి దింపి, ఖాళీ అరుగుకేసి, మూసిన తలుపుకేసి చూశాడు. “ఇదేటి సిత్రమమ్మా! ఆయన తొంగోడం, నాను ముందొచ్చి కూకోడం!”

“అరవకు,” అంది ఆవిడ.

వాడు పళ్ళెం పక్కన పెట్టుకుని, కొడుకుని ఒళ్ళో వేసుకుని, అరుగుమీద కూర్చున్నాడు.